లంకెబిందెలు ఎవరివి?

రెండేళ్ళ కిందట మా అనంతపురంలో ఒక సాహిత్య సదస్సు జరిగింది. విషయం హైపర్‌టెక్స్ట్, తెలుగు సాహిత్యం. కీలకోపన్యాసం చేసిన పెద్దాయన తెర మీద తిమ్మమ్మ మర్రిమాను బొమ్మ వేసి, హైపర్‌టెక్స్ట్ అంటే ఇదే అన్నారు. ఊడ దిగిన చోటల్లా ఒక కొత్త కాండం. మొదలేదో చివరేదో తెలీదు. కేంద్రం లేదు. ఎటునుంచైనా లోపలికి వెళ్ళొచ్చు, ఎటైనా బయటికి రావచ్చు. హాల్లో చప్పట్లు మోగాయి. నేనూ కొట్టాను, అలవాటు కొద్దీ.

ఇంటికి వచ్చే బస్సులో తట్టింది. ఆ మానుకు కేంద్రం లేకపోవడం ఏమిటి? కదిరి దగ్గర ఆ చెట్టు నీడన ఉన్న గుడి ఎవరిది? 1434లో భర్త చితి మీద సహగమనం చేసిందని చెప్పే తిమ్మమ్మది. ఆ చితికి పాతిన గుంజల్లో ఒకటి చిగురించి ఇంత మానైందని స్థలకథ. ఐదెకరాలకు పైగా పరుచుకున్న ఆ చెట్టు 1989లో గిన్నిస్ పుస్తకంలోకి ఎక్కింది. పిల్లలు లేని ఆడవాళ్ళు ఈనాటికీ అక్కడికి మొక్కుకోడానికి పోతారు. కేంద్రం లేదని చెప్పడం ఎంత తేలిక, కేంద్రంలో ఉన్న మనిషిని కాల్చేసిన తర్వాత!

ఆ పెద్దాయన హైపర్‌టెక్స్ట్ చరిత్ర కూడా చెప్పారు. వానీవర్ బుష్, డగ్లస్ ఎంగెల్‌బార్ట్, టెడ్ నెల్సన్, టిమ్ బెర్నర్స్-లీ. తాత, తండ్రి, పినతండ్రి, కొడుకు. గోత్రనామాలు చదివినట్టు చదివారు. ప్రశ్నల సమయంలో లేచి, ఇందులో ఆడవాళ్ళెవరూ లేరా సార్ అని అడిగాను. ఆయన నవ్వి, "అమ్మా, ఇది యంత్రాల చరిత్ర. దీంట్లోకి కూడా జెండర్ ఎందుకమ్మా?" అన్నారు. హాలు కూడా నవ్వింది. మైకు పక్కవాళ్ళకు వెళ్ళిపోయింది. అప్పుడు చెప్పలేకపోయిన జవాబు ఇది.

హైపర్‌టెక్స్ట్ అంటే పెద్ద రహస్యమేమీ కాదు. చదువుతున్న పాఠంలో ఒక మాట మీద వేలు పెడితే ఇంకో పాఠం తెరుచుకోవడం. ఆ రెంటినీ కలిపేదాన్ని తెలుగు వికీపీడియా వాళ్ళు 'లంకె' అన్నారు. నాకు ఈ మాట చాలా ఇష్టం. లంకె అనగానే మా వైపు ఎవరికైనా మొదట గుర్తొచ్చేవి లంకెబిందెలు. ఒకదానికొకటి కలిపి కట్టి భూమిలో పాతిపెట్టిన బంగారం బిందెలు. తవ్వితే ఒకటి దొరికిన చోటే రెండోదీ ఉంటుందని ఆశ. తవ్వుకున్నవాడి పేరు ఊరంతా చెప్పుకుంటుంది. పాతిపెట్టింది ఎవరో ఎవరికీ అక్కర్లేదు.

ఇప్పుడు ఆ గోత్రనామాలను కొంచెం విప్పి చూద్దాం. 1945 జూలైలో బుష్ ఒక అమెరికన్ మాసపత్రికలో 'మెమెక్స్' అనే యంత్రాన్ని ఊహించి వ్యాసం రాశాడు. ఒక కాగితం నుంచి ఇంకో కాగితానికి మన ఆలోచన దూకినట్టే యంత్రం కూడా దూకాలని ఆయన కోరిక. ప్రతి సిద్ధాంత గ్రంథంలోనూ ఆ వ్యాసం ప్రస్తావన ఉంటుంది. అయితే ఆ వ్యాసాన్ని మొదటినుంచి చివరిదాకా చదివినవాళ్ళు ఎందరో నాకు అనుమానమే. చదివితే అందులో అమ్మాయిలు కనిపిస్తారు. స్టెనోటైప్ మీటలు బద్ధకంగా నొక్కుతూ ఎదుటివాడిని ఇబ్బంది పెట్టేలా చూసే అమ్మాయి ఒకతె. గదినిండా కూర్చుని యంత్రానికి అంకెలు అందించే అమ్మాయిలు ఇంకొందరు. మెమెక్స్ ముందు కూర్చుని దారులు వేసే పాఠకుడు మాత్రం 'అతడు'. దారులు వేయడమే ఒక గొప్ప వృత్తి అవుతుందని జోస్యం చెప్పిన మనిషికి, ఆ గదినిండా ఉన్న అమ్మాయిలు కూడా ఆ వృత్తిలోకి రావచ్చని తట్టినట్టు లేదు.

'హైపర్‌టెక్స్ట్' అన్న మాట నెల్సన్‌ది. అందులో వివాదం లేదు. కానీ ఆ మాట అచ్చులో కనిపిస్తున్న తొలి చోటు ఏది? 1965 ఫిబ్రవరిలో వాసర్ కళాశాల విద్యార్థి పత్రిక. వాసర్ అప్పటికి స్త్రీల కళాశాల. నెల్సన్ అక్కడ పాఠం చెప్పేవాడు. ఆయన ఉపన్యాసాన్ని విని, ఆ కొత్త మాటను పట్టుకుని, వార్త రాసిన విద్యార్థిని పేరు లారీ వెడెలెస్. మాటను పుట్టించినవాడు చరిత్ర. దాన్ని విని రాసి అచ్చుకిచ్చినామె అధోజ్ఞాపిక. మనకు ఇది కొత్త కథా?

తర్వాత కథ ఇంకా ఉంది. 1985లో సింబాలిక్స్ కంపెనీ యంత్రాలకు సుమారు ఎనిమిది వేల పేజీల సమాచార గ్రంథాన్ని హైపర్‌టెక్స్ట్‌గా తయారు చేయించింది జానెట్ వాకర్. చదివిన చోట గుర్తు పెట్టుకుని మళ్ళీ రావడానికి మనమంతా వాడే బుక్‌మార్కు అందులో ఉంది. బ్రౌన్ విశ్వవిద్యాలయంలో సాహిత్య విద్యార్థుల కోసం ఇంటర్‌మీడియా నిర్మాణాన్ని నడిపినవాళ్ళలో నికోల్ యాంకెలోవిచ్ ఉంది. జిరాక్స్ పరిశోధనశాలలో కేథీ మార్షల్ ఉంది. 1989 జనవరిలో ఇంగ్లండులోని సౌతాంప్టన్‌లో వెండీ హాల్ బృందం 'మైక్రోకాజమ్'ను చూపించింది. అది ఒక గ్రంథాలయ దస్తావేజుల గుట్టలో దారులు వేయడానికి పుట్టిన పనిముట్టు.

ఈ మైక్రోకాజమ్ దగ్గర కొంచెం ఆగాలి. అందులో లంకెలు పాఠం లోపల ఉండవు. విడిగా ఒక ఖాతాలో ఉంటాయి. అందువల్ల రెండు వైపులా నడవచ్చు. నేనెవరిని ప్రస్తావించానో తెలుస్తుంది, నన్నెవరు ప్రస్తావించారో కూడా తెలుస్తుంది. నెల్సన్ కలగన్న జనాడూలోనూ లంకె రెండు వైపులదే. మరి 1989 మార్చిలో బెర్నర్స్-లీ ప్రతిపాదించి, ప్రపంచమంతా అల్లుకున్న వెబ్‌లో? లంకె ఒకవైపే. వేసేవాడికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. వేయించుకున్నదానికి కబురు అందదు. అవతలి పేజీ పోతే ఇవతల లంకె అట్లాగే వేలాడుతుంది. వెబ్ అంత త్వరగా పాకడానికి కారణం ఈ సులువేనని నిపుణులు అంటారు. ఒప్పుకుంటాను. కానీ ఆ సులువుకు మూల్యం ఎవరు చెల్లించారన్నది సాహిత్యం చదివినవాళ్ళు అడగాల్సిన ప్రశ్న. ఒకవైపు లంకెలో, తన గురించి ఎవరేమంటున్నారో, తన మాటలను ఎవరెక్కడ వాడుకుంటున్నారో, తన పేరును ఎక్కడ తీసేశారో రచయిత్రికి తెలియదు. తెలుగులో ఈ ఏర్పాటు వెబ్ కంటే చాలా పాతది.

ముద్దుపళని సంగతి మనకు తెలిసిందే అనుకుంటాం. 18వ శతాబ్దంలో తంజావూరు ప్రతాపసింహుడి ఆస్థానంలో 'రాధికా సాంత్వనము' రాసిన కవయిత్రి. ఆ కావ్య పీఠికలో ఆమె తన ఇంటి స్త్రీలను తలుచుకుని, తంజనాయకి మొదలుకొని తన కవిత్వ వంశాన్ని చెప్పుకుంది. అంటే తన లంకెలన్నీ తనే కట్టుకుంది. 1887లో ఆ కావ్యాన్ని అచ్చువేసిన వెంకటనరసు ఆ పీఠికను తీసేశాడు. కొన్ని పద్యాలను కూడా తీసేశాడు. 1907లో అదే మళ్ళీ అచ్చయింది. పద్యాలు పోయినందుకు మనం చాలా బాధపడ్డాం. పీఠిక పోయినందుకు అంత బాధపడలేదు. నాకు పీఠిక పోవడమే పెద్ద నేరంగా కనిపిస్తుంది. పద్యం తీసేస్తే కావ్యానికి గాయం. పీఠిక తీసేస్తే ఆ కవయిత్రి ఎక్కడినుంచీ రానిదైపోయింది, ఎవరికీ ఏమీ కానిదైపోయింది.

బెంగళూరు నాగరత్నమ్మకు ముద్దుపళని ఎలా దొరికింది? తంజావూరు కాలపు సాహిత్యం గురించిన ఒక వ్యాఖ్యలో ఒకచోట ఆ పేరు, కొన్ని పంక్తులు కనపడ్డాయి. అంతే. ఒక్క లంకె. దాన్ని పట్టుకుని వెతికితే అచ్చుప్రతి దొరికింది. అది అసంపూర్ణమని, ఆ తర్వాత వ్రాతప్రతి చేతికి వచ్చి పోల్చి చూస్తే తెలిసింది. 1910లో వావిళ్ళ వారి ద్వారా పీఠికతో సహా పూర్తి కావ్యాన్ని తెచ్చింది. స్త్రీలు వినకూడని పద్యాలని కందుకూరి వీరేశలింగం అప్పటికే తీర్పు చెప్పి ఉన్నారు. సిగ్గు ఆడవాళ్ళకేనా, మగకవులకు ఉండక్కర్లేదా అని నాగరత్నమ్మ ముందుమాటలోనే నిలదీసింది. 1911లో పోలీసులు ప్రతులన్నీ పట్టుకుపోయారు. టంగుటూరి ప్రకాశం మద్రాసు ప్రధానిగా ఉన్నప్పుడు నిషేధం తొలగింది. 1952లో కావ్యం మళ్ళీ వచ్చింది. నాగరత్నమ్మ చనిపోయింది ఆ ఏడాదే. 1991లో సూసీ తారు, కె. లలిత భారతీయ స్త్రీల రచనల సంకలనం తెచ్చినప్పుడు తమ ముందుమాటను ఈ కథతోనే మొదలుపెట్టారు.

వ్యాఖ్యలో ఒక పేరు, అక్కడినుంచి అచ్చుప్రతి, అచ్చుప్రతి నుంచి వ్రాతప్రతి, అక్కడినుంచి కొత్త ముద్రణ, నిషేధం, మళ్ళీ ముద్రణ, ఎనభై ఏళ్ళ తర్వాత ఇంకో ఇద్దరు స్త్రీల ముందుమాట. బుష్ కలగన్న దారి ఇదే కదా! యంత్రం లేకుండా వేసింది. పోలీసులను ఎదిరించి వేసింది. మన విశ్వవిద్యాలయాల్లో హైపర్‌టెక్స్ట్ పాఠం చెప్పేవాళ్ళు నాగరత్నమ్మ దగ్గర మొదలుపెట్టకుండా 1945లో అమెరికాలో ఎందుకు మొదలుపెడతారు?

ఈ మాట అనగానే ఒక వర్గం సంబరపడిపోతుందని తెలుసు. హైపర్‌టెక్స్ట్ మనకెప్పుడో ఉంది, భారతంలో కథలో కథ లేదా, పింగళి సూరన కళాపూర్ణోదయం చూడలేదా అంటారు. చూశాను, బాగుంటుంది. కానీ నా వాదన అది కాదు. మన దగ్గర ముందే ఉందని గెలవాలన్న సరదా నాకు లేదు. లంకె అనేది ఒక పని. ఎవరో ఒకరు కూర్చుని వేయాలి. ఎవరు వేశారు, ఎవరికి వేశారు, ఎవరు తెంచారు అని అడగకుండా నిర్మాణం అందం గురించి మాట్లాడేవాళ్ళు, సూరన గురించి మాట్లాడినా నెల్సన్ గురించి మాట్లాడినా ఒకటే.

ఇంకో వాదన మన ఇంట్లోదే. స్త్రీల రచన సహజంగానే ముక్కలు ముక్కలుగా, అల్లికగా, బొంతలాగా ఉంటుంది కాబట్టి హైపర్‌టెక్స్ట్ స్త్రీల రూపమని. 1986లో జూడీ మలాయ్ 'అంకుల్ రోజర్'తో, 1995లో షెల్లీ జాక్సన్ 'ప్యాచ్‌వర్క్ గర్ల్'తో ఈ రూపంలో గొప్ప పని చేసిన మాట నిజం. జాక్సన్ కథలో ఫ్రాంకెన్‌స్టైన్ సగంలో ఆపేసిన ఆడ ప్రాణి లేచి కూర్చుంటుంది, ఆమె ఒంటి మీద కుట్లే లంకెలు. నాకు చాలా నచ్చిన కృతి. అయినా సహజం అన్న మాట దగ్గర నాకు భయం. మా జేజి బొంత కుట్టింది చలికి, కొత్త దుప్పటి కొనలేక. తీరిక లేక ముక్కలుగా రాసుకోవడాన్ని మన స్వభావం అంటే, తీరిక ఇవ్వనివాళ్ళకు అంతకన్నా కావాల్సింది ఏముంది? పైగా ఆ రెండు కృతులూ పాత యంత్రాలతో పాటు పోబోతుంటే, డీన్ గ్రిగర్ అనే ఆచార్యురాలు స్టువర్ట్ మౌల్త్రాప్‌తో కలిసి పాత కంప్యూటర్లను బతికించి, రచయిత్రుల చేతనే చదివించి రికార్డు చేసింది. సహజంగా ఏదీ మిగలదు. ఎవరో పనిగట్టుకుని మిగల్చాలి.

మన దగ్గర పోయినదాని లెక్క ఇంకా ఎవరూ తీయలేదు. యూనికోడ్‌లో తెలుగుకు 1991లోనే చోటు దొరికింది. కానీ మన పత్రికలు, పుస్తకాలు, సిద్ధాంత గ్రంథాలు దశాబ్దాల పాటు అను ఫాంట్లలో, పేజ్‌మేకర్‌లో టైపయ్యాయి. కంటికి అది తెలుగు. యంత్రానికి అది అర్థంలేని ఇంగ్లీషు అక్షరాల గుట్ట. వెతికితే దొరకదు, లంకె వేయడానికి పట్టు దొరకదు. పాత పుస్తకాలను స్కాన్ చేసిన డిజిటల్ లైబ్రరీలో తెలుగు పేర్లను రోమన్ లిపిలో, అక్షరానికో తప్పుతో ఎక్కించారు. పుస్తకం ఉంటుంది, పేరు ఉండదు. అందరికీ ఇది అన్యాయమే. కానీ పేరున్న మగ రచయితను ఇరవై చోట్ల ఇరవైమంది మళ్ళీ టైపు చేస్తారు. ఒక్కసారి అచ్చయిన రచయిత్రిని ఎవరు చేస్తారు? భండారు అచ్చమాంబ 1902లో రాసిన 'ధనత్రయోదశి' కళ్ళెదుటే ఉండగా, 1910 నాటి 'దిద్దుబాటు'ను తొలికథ అని వందేళ్ళు రాసుకున్న జాతి మనది. ఒకరు రాస్తే దాన్ని చూసి ఇంకొకరు, వాళ్ళను చూసి మరొకరు. ఏ పేజీకి ఎక్కువ లంకెలున్నాయో అదే ముఖ్యమైన పేజీ అని 1998లో గూగుల్ వాళ్ళు సూత్రం కట్టారు కదా, తెలుగు సాహిత్య చరిత్ర ఆ సూత్రాన్ని అంతకు ఎంతో ముందే అమలు చేసింది.

2003 డిసెంబరులో తెలుగు వికీపీడియా మొదలైంది. అందులో ఇంకా రాయని పేజీకి వేసిన లంకె ఎర్రగా కనిపిస్తుంది. నాకు ఆ ఎరుపంటే గౌరవం. ఈమె ఉంది, ఈమె గురించి ఇంకా ఎవరూ రాయలేదు అని అది ఒప్పుకుంటుంది. మన సాహిత్య చరిత్రలు ఆ మాత్రం కూడా ఒప్పుకోవు. ఫలానా పేజీకి ఎక్కడెక్కడినుంచి లంకెలున్నాయో చూపించే ఏర్పాటు కూడా అక్కడ ఉంది. ఆ జాబితా తెరిచి చూడండి. రచయిత్రుల పేజీలకు లంకెలు చాలావరకు ఇంకో రచయిత్రుల జాబితానుంచే వస్తాయి. నవల అన్న పేజీనుంచి, కరువు సాహిత్యం అన్న వ్యాసంనుంచి రావు. అక్కడా మనకు విడి వరసే. అయితే తప్పంతా వాళ్ళదే అనను. వికీమీడియా 2011లో చేసిన సర్వేలోనే రాసేవాళ్ళలో స్త్రీలు పదో వంతు కూడా లేరని తేలింది. మనం ఎందరం వెళ్ళి రాశాం? పీహెచ్‌డీలు చేసినవాళ్ళం, ఒక ఆదివారం కూర్చుని ఎన్ని ఎర్ర లంకెలు నీలం చేశాం? ఈ ప్రశ్న నాకు కూడా.

ఇప్పుడు ఆ లంకె కూడా నొక్కక్కర్లేని కాలం వచ్చింది. ప్రశ్న అడిగితే యంత్రమే పూసగుచ్చినట్టు జవాబు చెప్తుంది. ఎవరి పుస్తకంలోంచి తీసిందో చాలాసార్లు చెప్పదు. పీఠిక తీసేసిన ముద్రాపకుడు ఇంటింటికీ వచ్చి కూర్చున్నట్టుంది నాకు.

ఇదంతా నాకెందుకు ఇంత మంటగా ఉందో చెప్పాలి. మా జేజి 1990లలో రాత్రిబడిలో అక్షరాలు నేర్చుకుంది. నేర్చుకున్నాక ఒక పొడుగు నోటుబుక్కులో తనకు వచ్చిన పాటలన్నీ రాసుకుంది. అరవై మూడు పాటలు. చెనిక్కాయ పీకేటప్పుడు పాడేవి, ఊయల పాటలు, వానలు రాకపోతే ఊరంతా తిరిగి పాడేవి. ప్రతి పాట కింద రెండు సంగతులు రాసింది. ఎవరు నేర్పారో ఒకటి. దీని బాణీ 12లో చూడు, ఈ మాట 40లో ఇంకో మాదిరి ఉంది అని ఇంకొకటి. బాణీ ఒకటైన పాటలకు ఒకే రకం చిన్న ముగ్గు గుర్తు. ఊయల పాటకూ కలుపు పాటకూ ఒకే ముగ్గు ఉంటే మొదట నాకు అర్థం కాలేదు. పిల్లను చెట్టుకు ఉయ్యాల కట్టి కలుపు తీసే మనిషికి రెండు పాటలూ ఒకటేనని జేజి చెప్పాక తెలిసింది.

ఆ పుస్తకాన్ని నా సిద్ధాంత గ్రంథానికి అనుబంధంగా పెట్టాను. పరిశీలనలో దాన్ని తీసేయమన్నారు. పాటలు ఉంచుకోవచ్చు, కానీ ఈ 'చూడు'లు, ముగ్గులు, నేర్పినవాళ్ళ పేర్లు శాస్త్రీయం కావన్నారు. డిగ్రీ కావాలి కాబట్టి తీసేశాను. జానపద గేయాల సంకలనాల్లో చాలావాటిలో సేకరించిన ఆయన పేరు అట్ట మీద ఉంటుంది, పాడినామె పేరు ఎక్కడా ఉండదు. నా గ్రంథం కూడా ఆ వరసలో చేరింది. వెంకటనరసును నేను తిట్టేటప్పుడు నా చేతిలో కూడా కత్తెర ఉందని గుర్తుంటుంది.

జేజి చేతిలో కూడా ఉంది. ఈమధ్య పుస్తకాన్ని మళ్ళీ టైపు చేయడం మొదలుపెట్టాను, ఈసారి యూనికోడ్‌లో, అన్ని గుర్తులతో. అప్పుడు చూశాను. అమ్మ నేర్పింది, పెద్దక్క నేర్పింది, ధర్మవరం వదిన నేర్పింది అని పేరుపేరునా రాసిన జేజి, నాలుగు పాటల కింద మాత్రం 'కూలికొచ్చినామె' అని రాసింది. మా కయ్యలోకి మాదిగవాడనుంచి పనికి వచ్చిన మనిషి. ఏళ్ళ తరబడి పక్కపక్కనే వంగి పనిచేశారు. పేరేమిటి జేజీ అని అడిగితే, "ఏమోమ్మే, అందరం ఓమ్మే అనే పిలుస్తాంటిమి" అంది. ఆ నాలుగు పాటలే పుస్తకంలో అన్నిటికంటే పదునైనవి.

31వ పాట వానపాట. అది ఆమె నేర్పిందే. దాని కింద 'తక్కింది 47లో చూడు' అని ఉంది. 47వ పుట లేదు. ఎప్పుడో ఎవరో చింతపండు పొట్లం కట్టడానికి చింపేశారు. జేజికి రెండు చరణాలకు మించి గుర్తులేదు. ఊరికి పోయి వాకబు చేస్తే, ఆ కూలికొచ్చినామె పోయి పదేళ్ళయిందనీ, కూతురు బెంగళూరులో కట్టడం పనుల్లో ఉందనీ చెప్పారు. తల్లి పేరు అడిగాను, కూతురునే అడగమన్నారు. ఆమె ఫోన్ నంబరు దొరికింది. నిన్న సాయంత్రం చేశాను. రెండుసార్లు మోగి ఆగిపోయింది. ఆదివారం పని ఉండదంట, పొద్దున్నే మళ్ళీ చేస్తాను.